ప్రార్థనతో మొదలయ్యే పాచికలాట

మా ఊరు రావులపాలేనికి దగ్గర్లో, ఏటిగట్టు దిగువన ఉంటుంది. ఇక్కడి శాఖా గ్రంథాలయంలో కథల బీరువా, చరిత్ర బీరువా, సైన్సూ ఆరోగ్యమూ కలిపిన బీరువా ఉన్నాయి. మూడూ చదివేశాను. పదో తరగతితో చదువాగిపోయి కుట్టుమిషను ముందు కూర్చున్న నాకు, పొద్దు వాలాక మిషను మీద గుడ్డ కప్పి గ్రంథాలయానికి నడవడమే కాలేజీ. లైబ్రేరియన్ గారు నన్ను గుమ్మంలో చూడగానే, "రామ్మా రా. నువ్వు చదవని పుస్తకం కావాలంటే ఇంక నేను కూచుని రాయాల్సిందే" అనేవారు. కొందరు గాజులు చూసుకుని మురిసిపోతారు. నేను ఆ మాట తలుచుకుని మురిసిపోతాను, ఇప్పటికీ.

చదివి ఊరుకుంటే బాగానే ఉండేది. చదివింది చెప్పకపోతే నాకు తోచదు. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చినావిడ చేతులు చాపి నిలబడి ఉంటుంది. నేను టేపు పట్టుకుని, మంచులో ఇరుక్కుపోయిన ఓడ సంగతి మొదలుపెడతాను. ఆవిడ "ఆదివారానికి ఇచ్చేస్తారాండీ?" అంటుంది. పోనీ అమ్మకు చెబుదామంటే, ఓడ రేవు దాటకముందే "పొయ్యి మీద పాలు చూడవే" అంటుంది. ఇంట్లో ఉండేది మేమిద్దరమే.

అలాంటి ఇంటికి మా అన్నయ్య కూతురు ఒక శనివారం ఈ ఆటను పట్టుకొచ్చింది. తను రాజమండ్రిలో ఇంజనీరింగు చదువుతోంది. హాస్టలు కూడు సహించక వారం వారం మా దగ్గరికి వచ్చేస్తుంది. ఆ రోజు సంచీలోంచి లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి, గుప్పెడు రంగురంగుల పాచికలు తీసి మంచం మీద పోసింది.

ఆట సంగతి చెప్పాలి. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు ఆ కథలో మనుషులవుతారు. ఒకరు కత్తి పట్టిన యోధురాలు, ఒకరు వైద్యురాలు, ఒకరు దారులు తెలిసిన వేటగాడు. "మీ ముందు అడవి ఉంది, లోపలినుంచి పొగ వస్తోంది, ఏం చేస్తారు?" అని కథ నడిపేవాళ్లు అడిగితే, ఏం చేస్తారో వాళ్లు చెప్పాలి. అనుకున్నది జరుగుతుందో లేదో తేలని చోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే జరిగినట్టు, చిన్నది పడితే బెడిసికొట్టినట్టు. పందెం ఉండదు, గెలుపూ ఓటమీ ఉండవు. కథ మాత్రం వారం వారం సాగుతూనే ఉంటుంది.

"నడిపేవాళ్లు లేక మా హాస్టల్లో ఆగిపోయిందత్తా. నువ్వు నడుపు," అంది మా మేనకోడలు.

"నేనా? అంత ఇంగ్లీషు నాకెక్కడొచ్చే?"

"డిక్షనరీ పెట్టుకుని చదివెయ్యవా ఏంటి? అయినా నీకు తెలిసినన్ని కథలు ఎవరికి తెలుసు చెప్పు?"

ఇలాంటి మాట నాతో అన్నవాళ్లు అంతవరకూ లేరు. నిఘంటువు పక్కన పెట్టుకుని, కాజాలు కుట్టే మధ్యలో ఆ పుస్తకాన్ని నమిలి మింగాను.

చిక్కంతా దాని అట్టతో వచ్చింది. అట్ట మీద కొమ్ములున్న ఎర్రటి భూతం నోరు తెరుచుకుని, మంటలు కక్కుతూ నిలబడి ఉంది. మా అమ్మ చర్చి స్త్రీల సమాజానికి పెద్ద. ప్రతి ఉదయమూ వాక్యం చదవనిదే కాఫీ ముట్టదు. ఆ అట్ట చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఏంటే ఇది? సాతాను ఫోటో పెట్టుకుని పక్కనే పడుకుంటన్నావా?"

"బొమ్మేనమ్మా. కథలో రాక్షసుడు లాంటిది."

"ఆ పాచికలేంటి? ప్రభువు వస్త్రం కోసం సిలువ కింద ఆ సైనికులు ఆడిన ఆట కదే అది!"

నేను ఊరుకోలేదు. చరిత్ర బీరువా చదివినదాన్ని. "అమ్మా, పాచికలు చాలా పాతవే. హరప్పా తవ్వకాల్లో కూడా దొరికాయి తెలుసా?"

"దొరికితే? ఆ ఊళ్లు మిగిలేయా?"

దీనికి చరిత్ర బీరువాలో జవాబు లేదు. ఇంకో వైపునుంచి వచ్చాను. మా చర్చిలో కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక వాగ్దానాల చీట్లు పళ్లెంలో వేసి తిప్పుతారు. కళ్లు మూసుకుని ఒక చీటీ తీసుకుంటే, అందులో ఉన్న వాక్యమే ఆ ఏడాదికి మన వాగ్దానం. "చీటీ తీయడంలో తప్పు లేనప్పుడు పాచిక వేయడంలో ఏం తప్పమ్మా?" అన్నాను.

"అది వాక్యం. ఇది ప్లాస్టిక్కు," అంది అమ్మ, అక్కడితో తేల్చేసి.

కానీ మనవరాలి మీద ప్రేమ ముందు ఎవరి పట్టుదల నిలుస్తుంది? ఆట ఆడుకోవచ్చంది, రెండు షరతులు పెట్టి. ఒకటి, ఆ అట్ట తన కంటికి కనబడకూడదు. తనే మా చర్చి పాత క్యాలెండరు కాగితం చింపి, పుస్తకానికి చక్కగా అట్ట వేసింది. భూతం మీదికి గొర్రెపిల్లల్ని మేపుకుంటున్న కాపరి బొమ్మ వచ్చింది. రెండోది, నలుగురు కూర్చున్నాక ప్రార్థన చేసుకునే మొదలుపెట్టాలి. మా ఇంట్లో బియ్యం బస్తా విప్పినా ప్రార్థనే, కొత్త మిషనుకు బెల్టు వేసినా ప్రార్థనే. కాబట్టి అది మాకు షరతులాగే అనిపించలేదు.

మూడో మనిషిగా పక్కింటి వదినగారు చేరారు. వరసకు కాదు, పిలుపుకు వదిన. వాళ్లు అరటి తోటలున్న రైతులు. ఆవిడ కోరుకొండ నరసింహస్వామి భక్తురాలు, మొక్కు ఉన్నా లేకపోయినా ఏడాదికోసారి ఆ మెట్లెక్కి వస్తారు. మొదటి రోజు ఆవిడను తీసుకెళ్లడానికని వచ్చిన వాళ్లాయన, రావులపాలెం మార్కెట్లో గెలల బేరాలు ముగించుకుని, గుమ్మంలో నిలబడి కాసేపు విన్నారు. "ఇంతకీ ఆ మొసలి నిద్రపోతందా, నటిస్తందా?" అని అడిగి లోపలికి వచ్చి కూర్చున్నారు. వదినగారి భర్త కాబట్టి నాకాయన అన్నయ్యగారు. ఆ తర్వాత ఒక్క వారం కూడా మానలేదు.

మొసలి ఎక్కడిదంటారా? ఇంగ్లీషు పుస్తకంలో మంచు కొండలూ కోటలూ ఉన్నాయి. వాటిని వదిలేసి కథను గోదావరిలోకి దించాను. ఏటి మధ్య లంకలు, వరదొస్తే మునిగిపోయే దారులు, ఒడ్డున కొబ్బరి తోటలు, ఇసుక మీద మొసళ్లు. మంచులో ఓడను పట్టుకుని వదలని గడ్డలను వేసవి ఇసుక మేటలు చేశాను. బీరువాల్లో చదివిన సముద్రపు దొంగలు, ఎడారి బాటసారులు, ఒక మంత్రగత్తె, ఆకులతో గాయాలు మాన్పే వైద్యులు అందరూ పంటు ఎక్కి మా లంకలకు వచ్చేశారు. పంటు అంటే మనుషుల్నీ మోటారు సైకిళ్లనూ కలిపి ఏరు దాటించే పెద్ద పడవ. మా కథలో అందరూ కలిసేది దాని మీదే.

ఒక్క చోట మాత్రం ఆగిపోయాను. పుస్తకంలో వైద్యుడు ఏదో ఒక దేవుణ్ణి ఎంచుకోవాలి, ఆ దేవుడి శక్తితోనే గాయాలు మాన్పుతాడు. దేవుళ్ల పేర్లు కూడా ఇచ్చారు, అన్నీ కల్పించినవే. నాకు మనసొప్పలేదు. ఉత్తుత్తి దేవుడికి ఉత్తుత్తి దండం అయినా ఎలా పెట్టించడం? వైద్యురాలి వేషం వదినగారిది. ఆవిడనే అడిగాను.

"మా సామినీ వద్దు, మీ ప్రభువునీ వద్దు వదినా," అన్నారావిడ జంతిక విరుస్తూ. "ఆళ్లకి బోల్డు పనులుంటాయి. మన ఆటలోకి లాగడం దేనికి? నేను ఆకు పసరుతో మాన్పేస్తాను."

అలా మా ఆటలోంచి దేవుళ్లందరూ గౌరవంగా బయటే ఉండిపోయారు. ప్రార్థన మాత్రం ప్రతి శనివారం జరిగేది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి గట్టిగా చేసేది. ఆ సేపు వదినగారు కళ్లు మూసుకుని తన స్వామిని తలుచుకునేవారు. ఆమెన్ అనగానే అన్నయ్యగారు "ఊఁ, పంటు ఎక్కడిదాకా వచ్చింది?" అనేవారు.

ఆ శనివారాలు నాకెలా ఉండేవో చెప్పడానికి మాటలు వెతుక్కోవాలి. సోమవారం నుంచే మిషను తొక్కుతూ కథ అల్లుకునేదాన్ని. నేను ఒక వాక్యం చెప్పి ఆగితే ముగ్గురూ నోరు తెరుచుకుని నా ముఖంలోకి చూసేవారు. ఇన్నేళ్లూ పోగేసుకున్నదంతా వినేవాళ్లు దొరికారు. అమ్మ మాత్రం ఆట గదిలోకి వచ్చేది కాదు. ప్రార్థన చేసి వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఇంతలో ఒక ఆదివారం అమ్మ చర్చి నుంచి ముఖం ముడుచుకుని వచ్చింది.

మా ప్రాంతంలో చర్చి సంఘాలు ఎలా చీలతాయో తెలిస్తే గానీ ఆ ముఖం అర్థం కాదు. ముందు ఎవరింట్లోనో శనివారం ప్రార్థన మొదలవుతుంది. తర్వాత వాకిట్లో షామియానా పడుతుంది, ఆ తర్వాత మైకు, ఆ తర్వాత రోడ్డు మీద బోర్డు. చూస్తుండగానే పాత చర్చిలో సగం బెంచీలు ఖాళీ. మా ఇంటి ముందు శనివారం శనివారం చెప్పులు కనబడుతున్నాయి, లోపలినుంచి ప్రార్థన వినబడుతోంది, ఆ వెంటనే కేకలూ ఆనందధ్వనులూ. పైగా కాపరి బొమ్మ అట్ట వేసిన లావుపాటి పుస్తకం ఒడిలో పెట్టుకుని నేను ఏదో చెబుతుంటే, వేరే మతం వాళ్లు కూడా శ్రద్ధగా వింటున్నారు. కిటికీలోంచి చూసిన సంఘ పెద్దగారికి ఇంకేం అనిపిస్తుంది?

"మీ అమ్మాయి వేరే సహవాసం పెట్టిందంట గదా అని అడిగేడే నన్ను! స్త్రీల సమాజంలో అందరి ముందూ!" అంది అమ్మ. "నలభై ఏళ్లుగా ఆ చర్చి తుడిచినదాన్ని. సంఘం చీలుస్తన్నానంట!"

"ఆట అని చెప్పకపోయావా అమ్మా?"

"చెప్పేను. పాచికలాట అన్నాక ఇంకా బిగుసుకుపోయేడు. అందుకే అయ్యగార్నే రమ్మన్నాను. శనివారం వచ్చి చూస్తారు. ఆయన కాదంటే ఆ పాచికలు మళ్లీ ఈ గడప తొక్కడానికి వీల్లేదు. అర్థమయిందా?"

అర్థమయింది. మా పాస్టరు గారు, అంటే మేమంతా అయ్యగారు అని పిలిచే ఆయన, ఒక్క మాట అంటే నా కథ ఏటి మధ్యలో ఆగిపోతుంది. అమ్మ గడప దాటి ఇంకెక్కడో ఆడుకునే మనిషిని కాను నేను. ఆ వారమంతా జాకెట్లకు చేతులు తిరగేసి కుట్టాను.

"కథలోంచి ఆ మంత్రగత్తెను తీసేద్దామా వదినా?" అన్నారు వదినగారు. "పోనీ ఆ రోజుకి పాటల పోటీ పెట్టుకుందాం."

"ఆయన చూడ్డానికి వస్తంది ఆటని గదా," అన్నారు అన్నయ్యగారు. "కాయ మగ్గిందో లేదో చూడ్డానికొచ్చినోడికి వేరే గెల చూపిస్తావేంటి?"

ఉన్నదున్నట్టే ఆడాలనుకున్నాం.

శనివారం అయ్యగారు, పెద్దగారు వచ్చారు. వందనాలు అయ్యాయి, కాఫీలు అయ్యాయి. అమ్మ అయ్యగారినే ప్రార్థన చేయమంది. "వద్దమ్మా, ఎప్పుడూ ఎలా చేస్తారో అలాగే కానివ్వండి," అన్నారాయన. అమ్మ ప్రార్థన చేసింది. మామూలుకన్నా పొడుగ్గా. ఆమెన్ అన్నాక నేను పుస్తకం తెరిచాను.

ఆ వారం కథలో, లంకల వాళ్ల పడవలు ఎత్తుకుపోయే గజదొంగ మావాళ్లకు దొరికాడు. ఇసుక మేట మీద మోకాళ్ల మీద పడి, చేతులు జోడించాడు.

"నేను కత్తి దూస్తాను. తల నరికేస్తాను," అంది మా మేనకోడలు.

"కానీయ్. వదిలేస్తే రేపు మళ్లీ మన పంటే ఎత్తుకుపోతాడు," అన్నారు అన్నయ్యగారు.

"ఒసేయ్, ఆగండే!" అని వంటింట్లోంచి కేక. అమ్మ గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చేసింది. "దణ్ణం పెడుతున్నోణ్ణి చంపుతారేంటే? ఏం మనుషులే మీరు?"

"నాన్నమ్మా, వాడు దొంగ!"

"సిలువ మీద ప్రభువు పక్కనున్నోడూ దొంగే. ఏమైంది?"

వంటింట్లో ఉన్నన్ని వారాలూ అమ్మ ప్రతి ముక్కా వింటూనే ఉందని నాకప్పుడు తెలిసింది.

"అలాగని ఊరికే వదిలేస్తామాండీ?" అన్నారు సంఘ పెద్దగారు, కుర్చీ ముందుకు లాక్కుని. "చేతులు కట్టేసి లంక పెద్దల ముందు నిలబెట్టండి. పడవలెక్కడ దాచేడో ముందు కక్కించండి."

"చెప్తాడంటారా పెద్దగారూ?" అన్నారు అన్నయ్యగారు.

"చెప్తాడో లేదో పాచిక వెయ్యాలండి," అన్నాను నేను.

"వెయ్యండి మరి! చూస్తారేంటి?" అన్నారాయన.

వదినగారు వేశారు. పద్దెనిమిది పడింది. దొంగ నిజం చెప్పాడు. పడవలన్నీ రెల్లు పొదల వెనక ఉన్నాయి. పెద్దగారు తొడ చరిచి, "నే చెప్పలా!" అన్నారు. అంతలో తానొచ్చిన పని గుర్తొచ్చి, దగ్గి, కండువా సర్దుకున్నారు. అయ్యగారు అప్పటికే నవ్వు ఆపుకోలేక కాఫీ గ్లాసు అడ్డం పెట్టుకున్నారు.

"ఇక్కడ ఎవరైనా బోధ చేస్తారా?" అని అడిగారు నన్ను.

"లేదండి."

"కానుక పడతారా?"

"వదినగారు జంతికలు తెస్తారండి."

"అయితే ఇది సంఘం కాదు పెద్దగారూ," అన్నారాయన. "ఆటే. ఆడుకోనివ్వండి. నాకొక్కటే అభ్యంతరం. ఆటకి ముందు ప్రార్థన మానెయ్యండి."

అమ్మ గరిటె దించేసింది. "ఏంటండీ అయ్యగారూ? ప్రార్థన మానడమేంటండీ?"

"ప్రార్థన చేసి పాచిక వేస్తే, మంచి అంకె పడినప్పుడు దేవుడే వేశాడనుకుంటాం. చెడ్డది పడితే ఆయన మీద అలుగుతాం. ఆటను ఆటగానే మొదలుపెట్టుకోండమ్మా."

పాచికలను ఇంట్లోంచి తరిమేయాలనుకున్న మనిషి, ఆ పాచికల ముందు చేసే ప్రార్థన కోసం అయ్యగారితో వాదనకు దిగింది. "ప్రార్థన లేకుండా మా ఇంట్లో నలుగురు కూచోడం ఇప్పటిదాకా లేదండి. ఈ పిల్ల నాన్న బతికున్నప్పటినుంచీ లేదండి. ఆటయితే ఏంటి, మాటయితే ఏంటి?"

అయ్యగారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. "తినబోయే ముందు చేసుకోండి. దానికెవరూ అడ్డం చెప్పరు."

"ఏం తింటారండీ, ఆవిడ తెచ్చే ఎండు జంతికలా?" అంది అమ్మ. వదినగారు మూతి ముడిచారు.

అయ్యగారి మాటకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. వాళ్లు గేటు దాటగానే మా మేనకోడలు నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. తర్వాతి వారమంతా ఒక్క జాకెట్టు కూడా తప్పు కుట్టలేదు.

ఆ శనివారం మధ్యాహ్నమే అమ్మ మినప్పిండి రుబ్బింది. సాయంత్రానికి పళ్లెం నిండా పుణుగులు, గిన్నెడు అల్లం పచ్చడి ఆట గదిలోకి వచ్చాయి. వాటి వెనకే అమ్మ వచ్చింది. తినడం కోసం ప్రార్థన కాదు, ప్రార్థన కోసం తిండి. ఆ ప్రార్థనలో పుణుగులున్నాయి, నూనె ఉంది, తినబోయేవాళ్లు ఉన్నారు, రావులపాలెం మార్కెట్టూ అరటి ధరలూ ఉన్నాయి, ఏటి మీద తిరిగే పడవలున్నాయి.

"అత్తయ్యగారూ, చల్లారిపోతన్నాయండీ," అన్నారు వదినగారు మెల్లగా.

ఆమెన్ అన్నాక అమ్మ వెనక్కి వెళ్లలేదు. పీట వేసుకుని కూర్చుంది.

"నాకు కత్తి వద్దు, మంత్రాలు వద్దు. పంటు మీద వంట చేసే మనిషినవుతాను," అంది. "ఆ దొంగోడు నా దగ్గరుంటాడు. బుద్ధి చెప్పుకుంటాను. ఆ ప్లాస్టిక్కు మాత్రం నేను ముట్టను. నా బదులు నువ్వెయ్యమ్మా," అని వదినగారికి అప్పజెప్పింది.

దొంగ పారిపోకుండా అమ్మ మాట వింటాడా అని మొదటి పాచిక. వదినగారు వేశారు. రెండు పడింది.

"మళ్లీ వెయ్యి," అంది అమ్మ.

"అలా కుదరదండి అత్తయ్యగారూ."

"ఎందుక్కుదరదు? ఇప్పుడే గదా అంత ప్రార్థన చేసేను!"

అన్నయ్యగారి నోట్లో పుణుగు పొలమారింది. మేమంతా ఎంతసేపు నవ్వామో! అయ్యగారికి ఈ సంగతి ఎవరూ చెప్పకూడదని అమ్మ అందరిచేతా మాట తీసుకుంది. నవ్వులు తగ్గాక నేను దొంగను పారిపోనిచ్చాను. రెల్లు పొదల దాకా పరుగెత్తించి అక్కడ ఆపాను, ఎందుకంటే అమ్మ వాణ్ణి పిలుస్తోంది.

"ఒరేయ్ అబ్బాయ్! తిని వెళ్లరా," అంది నా కళ్లలోకి చూస్తూ. "నీ చిన్నప్పటి సంగతేంటో చెప్పు ముందు. ఏ లంకరా మీది?"

నేను దొంగ గొంతుతో వాడి కథ మొదలుపెట్టాను. వరదలో కొట్టుకుపోయిన ఇల్లు, దొరికిన మొదటి పడవ, దాన్ని తిరిగి ఇవ్వలేకపోయిన రోజు. వంటింట్లో పాలు పొంగుతున్న వాసన వచ్చింది. మా మేనకోడలు లేవబోయింది.

"కూచోవే, పొంగితే పొంగనీ," అంది అమ్మ. "ఊఁ, తరవాత?"